బంతి విసరు భుజము – సాగదీయవలసిన చోటు



సాయంకాలమున మీ యూరి బడి మైదానమునకు పోయి చూడుడు. ఒకవైపున వలకు ఇరుప్రక్కల నిలిచి పిల్లలు వాలీబాలు ఆడుచుందురు. వేరొకవైపున నొకడు దూరమునుండి క్రికెట్టు బంతిని వికెట్లవైపునకు విసరుచుండును. రెండాటలయందును చేయి తలకు మీదుగా లేచి బలముగా దిగవలయును. కొన్నాళ్లకు అట్టి పిల్లవాడు ఇంటికి వచ్చి, భుజము పట్టివేసినదని చెప్పును. మనమేమి చేయుదుము? చేతిని పట్టుకొని వెనుకకు లాగుదుము. నేనును బడిలో డ్రిల్లు చేయించిన దినములలో పిల్లలను జంటలుగా నిలిపి, ఒకని చేతులను వేరొకడు వెనుకనుండి లాగునట్లు చేయించితిని. అది మేలనియే తలచితిని. విసరు భుజమునకు బిగువు సాధారణముగా ముందువైపున గాక వెనుకవైపున పుట్టునని నాకు చాల ఆలస్యముగా తెలిసినది. ఆ సంగతియే నేడు మీకు విన్నవింపదలచితిని.

మన దేహమునందలి కీళ్లన్నిటిలో భుజసంధి మిక్కిలి స్వేచ్ఛగా తిరుగునది. తుంటియందు ఎముక గుండు లోతైన గిన్నెలో కూర్చుండియుండును. భుజమునందు గుండు పెద్దది, దానికి ఆధారమైన గుంట లోతులేనిది. మూకుటిపై బత్తాయిపండు నుంచినట్లుండును. ఆ పండు దొరలిపోకుండ చుట్టునున్న సంధికోశమును, కండరములును పట్టియుంచుచున్నవి. కావున నీ కీలునకు తిరుగుటకు వదులును కావలయును, నిలుచుటకు బిగువును కావలయును. ఒకదానిని పెంచబోయి వేరొకదానిని చెరుపరాదు.

విసరునప్పుడు చేయి మొదట వెనుకకు మిక్కిలి వాలి, పిమ్మట మెరుపువలె ముందునకు వచ్చును. బంతి చేతినుండి వెడలిన తరువాత ఆ వేగమును ఆపునవి భుజము వెనుకనున్న కండరములు. పల్లమునకు దిగు బరువుబండిని ఎద్దులు తన్నిపట్టి నిలుపునట్లు, అవి ప్రతి విసరునందును చేతిని నిలుపుచున్నవి. అట్లు నిత్యము శ్రమించి అవి బిగిసిపోవును. అమెరికాదేశమున బేసుబాలు ఆటలో బంతి విసరువారిని పరీక్షించి 2008లో ప్రకటించిన పరిశీలనయందు, ఒక్కనాటి విసరులతోనే భుజము లోవైపు తిరుగుట సుమారు 9 డిగ్రీలు తగ్గినదనియు, మరునాటికిని ఆ తగ్గుదల నిలిచియున్నదనియు తేలినది. భుజము ముందుభాగమో, వెనుకకు పదేపదే వాలుటచేత ముందే సాగియుండును. దానిని ఇంకను లాగుట వదులైన ముడిని మరింత వదులుచేయుటయే.

అయినను తగ్గుదలయంతయు బిగువువలన వచ్చినది కాదు. పుట్టినప్పుడు దండచేతి యెముక కొంత మెలితిరిగి యుండును. పెరుగుకొలది ఆ మెలిక కొంత విడును. చిన్ననాటినుండి విసరు పిల్లవానికి ఆ చేతియందు మెలిక పూర్తిగా విడదు. అది ఎముకయొక్క స్వభావమైనది. ఎంత సాగదీసినను మారదు, మార్చనక్కరయు లేదు. కావున సాగదీయుటకు ముందు పరీక్షింపవలయును.

పిల్లవానిని చాపపై వెల్లకిల పరుండబెట్టుడు. చేతిని భుజమునకు సూటిగా ప్రక్కకు చాపించి, మోచేతిని మడిచి, ముంజేయి పైకి నిలుచునట్లు చేయుడు. మీ అరచేతితో భుజము ముందుభాగమును మెల్లగా అదిమి పట్టుడు. లేనిచో అది పైకి లేచి మనలను మోసపుచ్చును. ఇక ముంజేతిని పాదములవైపునకు బలవంతము లేక వాలనిండు. ఇది లోతిరుగుడు. పిమ్మట తలవైపునకు వాలనిండు. ఇది వెలితిరుగుడు. రెండు చేతులను ఇట్లే చూచి పోల్చుడు. విసరు చేతికి లోతిరుగుడు తగ్గి, వెలితిరుగుడు అంతగానే హెచ్చియున్నచో మొత్తము సమానము. అది ఎముక మెలిక, విడిచిపెట్టుడు. లోతిరుగుడు తగ్గియు వెలితిరుగుడు అంతగా హెచ్చనియెడల వెనుకభాగము బిగిసినదని యూహింపవచ్చును. రెండు చేతులకును 20 డిగ్రీల భేదమున్నచో వైద్యులు దానిని గమనింపదగినదిగా నెంచుదురు. గడియారముపై ఒక గంటకును మరుగంటకును నడుమ 30 డిగ్రీలుండును. అందు మూడింట రెండు పాళ్లన్నమాట.

బిగువు కలవాడు చేయవలసినది సులభము. కుడిచేతివాడైనచో, వీపునందలి కుడి రెక్కయెముక వెలుపలి యంచును గోడకో స్తంభమునకో ఆనించి నిలువవలయును. ఆ యానిక లేనిచో రెక్కయెముకయే జరుగును, కీలు సాగదు. పిమ్మట కుడిచేతిని భుజమంత యెత్తున చాపి, ఎడమచేతితో మోచేతికడ పట్టుకొని, రొమ్మున కడ్డముగా మెల్లగా లాగుకొనవలయును. 30 సెకనులు నిలిపి విడువవలయును. దినమునకొకసారి, వరుసగా 5 మారులు చాలును. చేతిని రొమ్మున కడ్డముగా లాగుకొనుటను 4 వారములు చేసినవారికి, ఏమియు చేయనివారికంటె లోతిరుగుడు ఎక్కువగా పెరిగినట్లు 2007లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. సాగుట భుజము వెనుక తెలియవలయును. ముందువైపున పోటు కలిగినచో వెంటనే మానవలయును. ఇది ఆట ముగిసిన పిమ్మట చేయదగినది. ఆటకు ముందు కొంత పరుగు, చేతులను గుండ్రముగా త్రిప్పుట, మెల్లని విసరులు మేలు.

ఒక్క హెచ్చరిక. ఎదుగుచున్న పిల్లలకు ఎముక చివర నింకను మెత్తని మృదులాస్థి యుండును. అతిగా విసరినచో అది దెబ్బతినును. విసరినప్పుడెల్ల దండచేతి పైభాగమున నొప్పి పుట్టినను, రాత్రి నొప్పిచే నిద్రపట్టకున్నను, చేయి తిమ్మిరెక్కినను, కీలు జారినట్లు తోచినను సాగదీయుట పనికిరాదు. ఆట మాన్పించి డాక్టరునకు చూపవలయును. జట్టు ఓడిపోవునని పిల్లవాడు నొప్పిని దాచును. అడిగి తెలిసికొనవలసినవారు పెద్దలే.

మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను మనమెల్లరము పిల్లలకు చెప్పినవారమే. అయితే మొక్క యెటువైపు బిగిసినదో చూడక వంచినచో, అది వంగుటకు మారు విరుగును. రేపు మీ మనుమడు భుజము పట్టినదని వచ్చినప్పుడు, చేయి లాగుటకు ముందు చాప పరువుడు.