ఆస్టిన్ బులవార్డ్‌కు రెండు వైపులా

ఒక నివాస ప్రాంతానికి సురక్షితమైనదనే పేరు రావడానికీ, అక్కడ నిజంగా జరిగే నేరాలకూ మధ్య ఉన్న సంబంధం పైకి కనిపించేంత సూటిగా ఉండదని అమెరికా నగరాల శివార్లను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రజ్ఞులు పలుమార్లు నిరూపించారు. షికాగో నగరానికి పశ్చిమాన, ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న ఓక్ పార్క్ అనే చిన్న పట్టణం ఈ విషయాన్ని గ్రహించడానికి అనువైన ఉదాహరణ. భయం వల్ల ఒక పేట ఎలా చేతులు మారుతుందో రోడ్డుకు అవతలి పక్కనే కళ్లారా చూసి, ఆ భయాన్నే పాలనా వ్యవహారంగా స్వీకరించి, అర్ధ శతాబ్దానికి పైగా దానితో తలపడుతున్న ఊరు అది.

ఓక్ పార్క్‌నూ, షికాగో నగరంలో భాగమైన ఆస్టిన్ పేటనూ విడదీసేది ఆస్టిన్ బులవార్డ్ అనే రహదారి ఒక్కటే. 19వ శతాబ్దం చివరి వరకు ఈ రెండూ, దక్షిణాన ఉన్న నేటి సిసిరోతో కలిసి, ఒకే టౌన్‌షిప్‌లో, అంటే ఒకే స్థానిక పాలనా విభాగంలో ఉండేవి. 1899లో ఆస్టిన్ షికాగోలో కలిసిపోగా, 1902లో ఓక్ పార్క్ తన సొంత పాలకమండలితో వేరుపడింది. ఆ మీదట ఈ ఊళ్ల పేరుప్రతిష్ఠలు కూడా వేర్వేరు దారులు పట్టాయి. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ నివసించిన ఊరుగా, రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే పుట్టిన ఊరుగా ఓక్ పార్క్ పెద్దమనుషుల పట్టణమనిపించుకుంటే, 1920లలో ముఠా నాయకుడు అల్ కపోన్ మకాం పెట్టిన సిసిరోకు వేరే రకమైన ఖ్యాతి దక్కింది.

అయితే పెద్దమనుషుల పట్టణం అందరినీ ఒకే విధంగా ఆదరించిందనుకోవడం పొరపాటు. సోయా చిక్కుడు నుంచి తీసిన పదార్థాలతో హార్మోన్లను పెద్దయెత్తున తయారుచేసే మార్గం చూపిన నల్లజాతి రసాయన శాస్త్రజ్ఞుడు పెర్సీ జూలియన్ 1950లో ఓక్ పార్క్‌లో ఇల్లు కొన్నప్పుడు, ఆ కుటుంబం గృహప్రవేశం చేయకముందే, నవంబరులో కొందరు ఆ ఇంటిని తగలబెట్టడానికి ప్రయత్నించారు. మరుసటి ఏడాది జూన్‌లో ఇంటిపైకి డైనమైట్ విసిరారు. జూలియన్ కుటుంబం మాత్రం ఊరు వదలలేదు, ఇరుగుపొరుగులో ఆయనకు అండగా నిలిచినవారూ ఉన్నారు. అదే 1951 జూలైలో సిసిరోలో, యుద్ధంలో పనిచేసి వచ్చిన హార్వీ క్లార్క్ అనే బస్సు డ్రైవర్ తన కుటుంబంతో ఒక అపార్ట్‌మెంట్‌లో దిగబోగా, వేలమంది తెల్లవారు ఆ భవనాన్ని చుట్టుముట్టి విధ్వంసం చేశారు. గవర్నర్ నేషనల్ గార్డ్ దళాలను పిలిపించవలసి వచ్చింది. ఈ రెండు ఉదంతాలలోనూ నేరం చేసినది కొత్తగా వచ్చిన కుటుంబం కాదు, నేరానికి గురైనది ఆ కుటుంబమే. అయినా ఆ తరువాతి దశాబ్దాలలో నల్లజాతి కుటుంబాల రాకనే ప్రమాద సూచనగా పరిగణించే అలవాటు బలపడుతూ వచ్చిందన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన విషయం.

ఆ అలవాటు వెనుక కేవలం మనుషుల మనస్సులోని ద్వేషమే కాక, ప్రభుత్వాలూ బ్యాంకులూ కలిసి నడిపిన ఒక యంత్రాంగం ఉంది. 1930లలో ఫెడరల్ ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలను తయారుచేసి, రుణం ఇవ్వడానికి ఎంత క్షేమమో సూచించేలా ఒక్కో పేటకు ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులు వేసింది. నల్లజాతి వారు నివసించే పేటలకు దాదాపు ఎప్పుడూ ఎరుపే దక్కింది. రెడ్‌లైనింగ్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఫలానా గీతకు లోపల ఉన్నవారికి ఇంటి రుణం గానీ బీమా గానీ ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకోవడం దాని అర్థం. 1934లో ఏర్పడిన ఫెడరల్ గృహ నిర్మాణ సంస్థ, ఒకే వీధిలో వేర్వేరు జాతులు కలిసి ఉంటే ఆస్తి విలువ పడిపోతుందన్న భావననే తన రుణ హామీ నియమాలలో చేర్చుకుంది. విలువ పడిపోతుందని ప్రభుత్వమే ప్రకటించి, రుణాలు ఆపించిన చోట విలువ పడిపోక ఏమవుతుంది?

ఈ వాతావరణాన్ని డబ్బుగా మార్చుకున్నవారు స్థిరాస్తి దళారులు. బ్లాక్‌బస్టింగ్ అని పిలిచే పద్ధతిలో, ఒక వీధిలో ఒక నల్లజాతి కుటుంబానికి ఇల్లు అమ్మించి, వెంటనే మిగిలిన ఇళ్ల తలుపులు తట్టి, ధరలు పడిపోకముందే అమ్ముకొని వెళ్లిపొమ్మని తెల్లవారిని బెదిరించేవారు; అలా తక్కువ ధరకు చేజిక్కిన ఇంటిని, బ్యాంకు రుణం దొరకని నల్లజాతి కొనుగోలుదారుకు ఎన్నో రెట్లు లాభం వేసుకొని వాయిదాల మీద అమ్మేవారు. ఆ ఒప్పందాలలో చివరి వాయిదా కట్టేదాకా ఇల్లు అమ్మినవాడి పేరు మీదే ఉండేది కనుక, ఒక్క నెల తప్పినా అప్పటిదాకా కట్టినదంతా పోయి కుటుంబం వీధిన పడేది. వాయిదాల భారం తట్టుకోవడానికి ఇంట్లో అద్దెదారులను కుక్కుకోవడం, మరమ్మతులు వాయిదా వేయడం అనివార్యమయ్యాయి. అలా పాడుబడిన ఇళ్లను చూపించి, ఆ మనుషులు వస్తే పేట పాడవుతుందని చెప్పుకోవడం తేలికైంది. షికాగో పడమటి పేటలు వరుసగా ఈ దెబ్బకు గురయ్యాయి. 1960లో దాదాపు పూర్తిగా తెల్లవారి పేటగా ఉన్న ఆస్టిన్‌లో 1970 నాటికి మూడోవంతు, 1980 నాటికి నాలుగింట మూడు వంతుల వరకు నల్లజాతి వారు ఉన్నారు. తెల్ల కుటుంబాల వెంట బ్యాంకుల పెట్టుబడి, దుకాణాలు, ఉద్యోగాలు కూడా తరలిపోయాయి.

ఆ మార్పు వీధి వెంట వీధిగా తమవైపు వస్తుండగా ఓక్ పార్క్ వాసులు ఏం చేశారన్నదే ఈ కథలో ప్రధానం. 1970 జనాభా లెక్కల ప్రకారం 62 వేలకు పైగా ఉన్న పట్టణ జనంలో నల్లజాతి వారు 150 మంది కూడా లేరు. అప్పటికే 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు ఫెడరల్ సమాన గృహవసతి చట్టం (ఫెయిర్ హౌసింగ్ యాక్ట్) వచ్చింది. మే నెలలో ఓక్ పార్క్ పాలకమండలి, ఇళ్ల అమ్మకాలలోనూ అద్దెలలోనూ జాతి వివక్షను నిషేధిస్తూ తన సొంత శాసనం చేసింది. 1972లో రాబర్టా రేమండ్ చొరవతో ఓక్ పార్క్ హౌసింగ్ సెంటర్ మొదలైంది. మామూలు దళారులు తెల్లవారికి తెల్లవారి వీధులను, నల్లవారికి నల్లవారి వీధులను మాత్రమే చూపించే స్టీరింగ్ అనే పద్ధతిని ఈ సంస్థ తలకిందులు చేసింది. అద్దె ఇంటి కోసం వచ్చిన తెల్లవారిని ఆస్టిన్ బులవార్డ్ పక్కనున్న తూర్పు వీధుల్లోని అపార్ట్‌మెంట్లు చూడమనీ, నల్లజాతి వారిని ఊరంతటా ఎక్కడైనా చూడమనీ ప్రోత్సహిస్తూ, ఏ ఒక్క వీధీ ఒకే జాతిదిగా ముద్రపడకుండా చూడటం దాని లక్ష్యం.

దానితోపాటు పాలకమండలి చేపట్టిన పనులను చూస్తే, భయం ఎక్కడ పుడుతుందో వారు ఎంత నిశితంగా పట్టుకున్నారో తెలుస్తుంది. ఇంటి ముందు అమ్మకపు బోర్డులు వరుసగా కనిపిస్తే మిగిలినవారిలో గాబరా పుడుతుందని వాటిని నిషేధించారు. 1977లో న్యూజెర్సీకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు అటువంటి నిషేధాలు చెల్లవని తీర్పు చెప్పిన తరువాత కూడా, ఊరి దళారులు చాలాకాలం స్వచ్ఛందంగా బోర్డులు పెట్టకుండా ఉన్నారు. ఊరి తూర్పు భాగాన్ని వదులుకోబోవడం లేదని అందరికీ తెలిసేలా 1975లో కొత్త పాలక భవనాన్ని ఆ వైపే కట్టారు. ఐదేళ్ల తరువాత ఇల్లు అమ్మినప్పుడు ధర తగ్గితే నష్టంలో 80 శాతం పట్టణమే భరిస్తుందని హామీ ఇస్తూ 1978లో ఒక బీమా పథకాన్ని కూడా ప్రవేశపెట్టారు. ఆ పథకం కింద పరిహారం చెల్లించవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. దశాబ్దాల పాటు ఎన్నో పేటలను ఖాళీ చేయించిన ఆ నష్టభయానికి ఆధారం ఎంత బలహీనమో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండబోదు. 1980 నాటికి ఊరి జనాభాలో పదోవంతుకు కొంచెం పైగా, 2000 నాటికి ఐదోవంతుకు పైగా నల్లజాతి వారు ఉన్నా, తెల్లవారు ఊరు విడిచిపోలేదు, ఇళ్ల ధరలూ కూలిపోలేదు.

నేరాల సంగతిని కూడా దాటవేయకూడదు. పెద్ద నగరాన్ని ఆనుకొని ఉన్న ఊరు కాబట్టి దొంగతనాలు, కార్ల అపహరణలు అక్కడి వారికి కల్పిత భయాలు కావు. కానీ భయం నేరాన్ని మాత్రమే అనుసరించి పెరగదు. షికాగో, సియాటిల్, బాల్టిమోర్ నగరాల సమాచారాన్ని విశ్లేషించిన లింకన్ క్విలియన్, దేవా పేజర్ అనే పరిశోధకులు, నమోదైన నేరాల సంఖ్య ఒకేలా ఉన్న రెండు పేటలలో కూడా నల్లజాతి యువకులు ఎక్కువగా ఉన్న పేటలోనే నేరాలు ఎక్కువని నివాసులు భావిస్తారని 2001లో చూపించారు. మరో మూడేళ్లకు రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రౌడెన్‌బుష్ షికాగో వీధులను స్వయంగా పరిశీలించి లెక్కకట్టిన అస్తవ్యస్తతను నివాసుల అభిప్రాయంతో పోల్చగా, ఆ అభిప్రాయాన్ని నిర్ణయించడంలో వీధిలో కనిపించే చెత్త, గోడరాతల కన్నా అక్కడివారి జాతి, పేదరికాలదే పెద్ద పాత్ర అని తేలింది. నల్లజాతి నివాసులు కూడా ఇందుకు మినహాయింపు కాదన్నది ఆ పరిశోధనలో ఆలోచింపజేసే అంశం. సమాజంలో వ్యాపించిన ముద్ర, ఆ ముద్రకు గురైనవారి చూపును కూడా పట్టేస్తుందన్నమాట.

1965 వలస చట్టం తరువాత అమెరికా చేరిన తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర సంబంధం లేనిది కాదు. షికాగో ప్రాంతంలో వారిలో చాలామంది ఓక్ పార్క్‌ను దాటి ఇంకా పడమరగా నేపర్‌విల్, అరోరా వంటి శివార్లలో స్థిరపడ్డారు. ఇల్లు వెతుక్కునేటప్పుడు బడులకు వచ్చిన మార్కులు, ఏరియా మంచిదేనా అని తెలిసినవారిని అడిగి తెలుసుకున్న మాట, ఈ రెండింటి మీదే వారు ఎక్కువగా ఆధారపడతారు. పిల్లల క్షేమం కోరడంలో తప్పేమీ లేదు. అయితే ఆ మంచి ఏరియా, చెడ్డ ఏరియా అనే పట్టికలో చాలా భాగం తాము రాకముందే ఎరుపు రంగు పటాలతో, దళారుల బెదిరింపులతో తయారైందని వారిలో బహు కొద్దిమందికే తెలుసు. స్థిరాస్తి వెబ్‌సైట్ అయిన రెడ్‌ఫిన్, పేటల వారీ నేర సమాచారం జాతి వివక్షను పెంచే ప్రమాదం ఉందంటూ దానిని తమ పేజీలలో చేర్చబోమని 2021 డిసెంబరులో ప్రకటించడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

ఓక్ పార్క్ విధానంపై వచ్చిన విమర్శలలోనూ బలం ఉంది. తెల్లవారు ఊరిలో నిలవడాన్నే విజయానికి కొలతగా పెట్టుకుంటే, నల్లజాతి కుటుంబం ఎక్కడ ఉండాలన్నది తెల్లవారి సౌకర్యాన్ని బట్టి నిర్ణయమవుతుందన్నది వాటిలో మొదటిది. 1970ల ఆరంభంలో ఊరి ఆగ్నేయ భాగంలో నల్లజాతి వారి వాటాకు పరిమితి పెట్టాలన్న ప్రతిపాదన వచ్చి, వ్యతిరేకత వల్ల వీగిపోయింది కూడా. ఆస్టిన్ బులవార్డ్‌లో కలిసే పలు వీధులను కార్లు దాటిపోకుండా మూసివేయడాన్ని భద్రతా చర్యగా ఓక్ పార్క్ చెప్పుకున్నా, రోడ్డుకు అవతల ఉన్నవారికి అది మొహం మీద వేసిన తలుపుగానే కనిపించింది. ఆ అభ్యంతరం న్యాయమైనది. ఒకే ఊరిలో కలిసి ఉండటం ఒకే తరగతి గదిలో సమానంగా ఎదగడానికి చాలదని, ఊరి హైస్కూల్‌పై దర్శకుడు స్టీవ్ జేమ్స్ తీసిన అమెరికా టు మీ అనే 2018 నాటి డాక్యుమెంటరీ ధారావాహిక సవివరంగా చూపింది. ఒకప్పుడు డైనమైట్ పాలైన జూలియన్ పేరును నేడు ఒక పాఠశాలకు పెట్టుకున్న పట్టణంలోనే నల్లజాతి విద్యార్థుల ఫలితాలు వెనుకబడి ఉండటం తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

ఇప్పుడు ఆ ఊరిని వేధిస్తున్న సమస్య మరొకటి. కలిసిమెలిసి బతికే ఊరన్న పేరే గిరాకీని పెంచి, ఇళ్ల ధరలనూ ఆస్తి పన్నులనూ సామాన్యులకు అందనంత ఎత్తుకు తీసుకెళ్లింది. 2000లో సుమారు 22 శాతం ఉన్న నల్లజాతి వారి వాటా 2020 నాటికి 20 శాతం లోపునకు పడిపోయింది. 2019లో పాలకమండలి, రైలు స్టేషన్లకు దగ్గరలో కట్టే పెద్ద అపార్ట్‌మెంట్ భవనాలలో కొన్ని ఇళ్లను తక్కువ ఆదాయం వారికి కేటాయించాలని, లేదంటే గృహవసతి నిధికి రుసుము చెల్లించాలని శాసనం చేసింది. రుసుము కట్టి ఇళ్లు ఇవ్వకుండా తప్పుకునే వీలు బిల్డర్లకు ఉన్నంతవరకు ఆ శాసనం నిధిని పెంచుతుందే తప్ప, స్టేషన్ పక్కనే లేచే ఆ కొత్త భవనాలలోకి తక్కువ ఆదాయం గల కుటుంబాలను చేర్చలేదు.