సిలువ నుండి ఏర్ వరకు: అడవి అంచున మన మాటలు

వాక్యపరిచర్య చేసేవారికి మాటలే పనిముట్లు. అయినా మనం ప్రతి ఆదివారం పలికే మాటలు ఎక్కడ పుట్టి ఏ దారిన మన నోటికి వచ్చాయో ఆలోచించడం అరుదు. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచున పనిచేసే బోధకులకు ఈ ఆలోచన మరీ అవసరం. ఇక్కడ పుల్పిట్ మీద తెలుగు, వినేవారి ఇంట్లో కోయభాష. కోయమాట ఆరాధనకు తగదనే అభిప్రాయం విశ్వాసులలో అక్కడక్కడ వినిపిస్తుంది. అది ఎంతవరకు సరియైనదో పరిశీలిద్దాం.

దూరం నుండి వచ్చిన మాటలు

సిలువ అన్నది సురియాని భాషలోని 'స్లీబా' నుండి వచ్చింది. సురియాని, యేసుప్రభువు మాట్లాడిన అరామిక్ భాషకు చెందిన ఒక రూపం. కొందరు దీనిని 'శిలువ' అని వ్రాసి, శిలతో ముడిపెడతారు. రాతికి దీనితో ఏ సంబంధమూ లేదు. పాదిరి పోర్చుగీసువారి 'పాద్రె'. దాని మూలం తండ్రి అని అర్థమిచ్చే లాటిన్ మాట. బాప్తిస్మము గ్రీకు. ముంచుట అనే అర్థంగల 'బాప్తో' క్రియను గుడ్డకు రంగువేసే పనికి కూడా వాడేవారు. దేవునికి గ్రీకులో 'థెయోస్' అంటారు. విగ్రహారాధికులు తమ దేవతలకు వాడుకున్న ఆ మాటనే అపొస్తలులు కూడా వాడారు. మన 'దేవుడు' సైతం సంస్కృతం నుండి వచ్చినదే. పుట్టుకతో పరిశుద్ధమైన మాట వీటిలో ఏదీ లేదు. సంఘం వాడుకలో వాటికి కొత్త అర్థం నిండింది.

పొరుగింటి మాటలు

కోయభాష తెలుగుకు పరాయిది కాదు. భాషాశాస్త్రజ్ఞుడు భద్రిరాజు కృష్ణమూర్తి ఈ రెంటినీ ద్రావిడ కుటుంబంలోని దక్షిణ మధ్య శాఖలోనే చేర్చారు. కోయలో 'లోన్' అంటే ఇల్లు. మన 'లోన', 'లోపల' అనే మాటలకు అది చుట్టం. 'ఏర్' అంటే నీళ్ళు. మనకు ఏరు అంటే పారే వాగు. కాబట్టి తెలుగు బోధకుడు "ఏరు దాటారు" అంటే కోయ పిల్లవాడికి నీళ్ళే స్ఫురించవచ్చు.

యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో మనం 'జీవజలము' అని చదువుతాం. గ్రీకులో అక్కడున్నది 'హుదోర్', అంటే నీళ్ళకు ఇంట్లో వాడే మామూలు మాట. 'జీవముగల నీరు' అంటే ఆ కాలంలో పారే ఊటనీరు అనే అర్థం కూడా ఉండేది. అందుకే సమరయ స్త్రీ చేద గురించి, బావి లోతు గురించి మాట్లాడింది. 'జలము' అన్నప్పుడు ఆ స్త్రీ కడవ మనకు కనబడదు. 'ఏర్' అన్నప్పుడు కోయ తల్లికి కనబడుతుంది.

ఒక జాగ్రత్త

అలాగని ప్రతి మాటనూ ఆలోచించకుండా తీసుకోకూడదు. 'వేల్పు' పాత తెలుగులోనూ దేవుడే. హోమంలో అర్పించుట అనే అర్థంగల 'వేల్చు' క్రియకు అది సంబంధించినది. అయితే కోయలలో వేల్పు ఒక్కొక్క గట్టుకు, అనగా వంశశాఖకు, చెందిన కులదైవం. ప్రభువును వేల్పు అంటే, ఆయన ఎవరో ఒక గట్టువారి దేవుడని వినేవారు అనుకోవచ్చు. సువార్త అన్ని గట్టులవారికీ చెందినది. ఇక్కడ ఏ మాట తగునో తేల్చవలసినవారు కోయ విశ్వాసులే.

దుమ్ముగూడెంలో పనిచేసిన చర్చి మిషనరీ సొసైటీ మిషనరీ జాన్ కెయిన్ 1870 దశకంలోనే కోయల జీవనాన్ని గూర్చి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వ్రాశారు. స్టీఫెన్ టైలర్ రచించిన కోయ వ్యాకరణం 1969లో వెలువడింది. పరాయి దేశస్థులు అంత శ్రమపడగా, పక్క ఊరిలో ఉన్న మనం ఆ భాషలో పది మాటలైనా నేర్వకపోవడం తగదు. ప్రసంగం సిద్ధపరచుకొనే ముందు సంఘంలోని ఒక కోయ పెద్దను కలిసి, "ఈ మాటను మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగి వ్రాసుకుందాం. ప్రార్థన వారి భాషలోనే చేయమని వారిని కోరుదాం. చివరన అందరం కలిసి 'ఆమేన్' అందాం. అది కూడా హెబ్రీ భాష మనకిచ్చినదే.