సెంటుకు నలభై లీటర్లు: ఇసుక నేలలో తడి లెక్క

బాపట్ల నుంచి చీరాల మీదుగా చినగంజాం వైపు తీరం పట్టుకుని వెళ్తే, సరుగుడు తోటల పక్కన ఇసుకలో తవ్విన వెడల్పాటి గుంటలు కనబడతాయి. వాటిని దొరువులంటారు. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా, దొరువులో ఊరేవి మంచినీళ్లే. మోటార్లు రాకముందు ఆ ఇసుకలో ఆకుకూరలు, వంగ, నారుమళ్లు పెంచిన రైతులు దొరువులో కుండలు ముంచి, పొద్దున ఒకసారి, పొద్దుగూకేలోపు ఇంకోసారి మడులకు నీళ్లు పోసేవారు. రోజూ రెండు పూటలా ఎందుకు? పొద్దున్నే రెండింతలు పోసేసి సాయంత్రం ఇంటిపట్టున ఉండొచ్చు కదా? ఈ ప్రశ్నకు జవాబు అంకెల్లోనే ఉంది. ఆ అంకెలు తెలిస్తే ఇసుక నేలలో కూరగాయలు వేసే ఎవరికైనా సగం కష్టం తీరుతుంది.

ముందు ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలి. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు మందాన నీళ్లు నిలిపితే అది సరిగ్గా 1 లీటరు. సెంటు అంటే 40 చదరపు మీటర్ల పైచిలుకు. కాబట్టి సెంటుకు 1 మిల్లీమీటరు అంటే 40 లీటర్లు, ఎకరానికి 4,000 లీటర్లు. ఇక మిగతా లెక్కలన్నీ నోటితో చేసుకోవచ్చు.

ఎండాకాలంలో ఎదిగిన టమాట, వంగ తోటలు ఆకుల నుంచీ నేల నుంచీ రోజుకు సుమారు 6 మిల్లీమీటర్ల నీటిని గాలికి వదులుతాయి. చలికాలంలో 4 మిల్లీమీటర్లు అనుకోవచ్చు. 6 చొప్పున సెంటుకు 240 లీటర్లు, పది సెంట్లకు 2,400 లీటర్లు. 15 లీటర్ల కుండతో పోస్తే 160 కుండలు. రెండు చేతులా రెండు కుండలు మోసినా దొరువుకూ మడికీ మధ్య 80 సార్లు తిరగాలి. అది కూడా ఒక్క చుక్క వృథా కాకుండా పోస్తేనే. దొరువు కింద సేద్యం ఎందుకు సెంట్లలోనే సాగిందో, ఎకరాల్లోకి ఎందుకు వెళ్లలేదో ఈ అంకె చెబుతుంది.

ఇప్పుడు నేల వైపు చూద్దాం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో వెలువరించిన పంట నీటి లెక్కల పుస్తకం ప్రకారం, ఇసుక నేల ఒక మీటరు లోతున మొక్కకు అందేలా పట్టి ఉంచే నీరు 50 నుంచి 110 మిల్లీమీటర్లు. బంకమట్టిలో అది 120 నుంచి 200. ఇసుకకు మధ్యస్థంగా 80 తీసుకుందాం. కూరగాయల వేళ్లు ఎక్కువగా పనిచేసే పై 30 సెంటీమీటర్లలో దొరికేది 24 మిల్లీమీటర్లు. ఇందులో అంతా మొక్క సులువుగా తాగలేదు. టమాట విషయంలో 40 శాతం దాకా వాడితే ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత ఆకు వాడకపోయినా పెరుగుదల తగ్గుతుంది. ఉల్లి, క్యాప్సికం మరీ సున్నితం, వాటికి హద్దు 30 శాతమే. 24లో 40 శాతం అంటే పది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రోజుకు 6 చొప్పున ఖర్చయితే ఆ నిల్వ రోజున్నరకు సరిపోతుంది. అదే తోట నల్లరేగడిలో ఉంటే మూడు రోజులు ఆగుతుంది. అక్కడ వేళ్లు ఇంకొంచెం లోతుకు దిగితే మరిన్ని రోజులు.

నారుమడికి ఇదే లెక్క వేసి చూడండి. లేత నారు వేరు 10 సెంటీమీటర్లు. దాని చేతికి అందే మొత్తం 8 మిల్లీమీటర్లు, అందులో సులువుగా తాగేది 3. ఎండాకాలం ఒక పగటికి కావలసిన దాంట్లో ఇది సగం. పొద్దున పోసింది మధ్యాహ్నానికి అయిపోతుంది, సాయంత్రం మళ్లీ పోయాల్సిందే. రెండు పూటల కుండల వెనక ఉన్నది ఇదే. కాగితం మీద ఎవరూ రాసివ్వకుండా, మొక్క ముఖం చూసి ఆ లెక్క తేల్చినవాళ్ల మీద నాకు చాలా గౌరవం.

పొద్దున్నే రెండింతలు పోస్తే ఏమవుతుందన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు కాలువల్లో నీళ్లు పారించే తోటలో కనబడుతుంది. అక్కడ ఒక తడికి 50 మిల్లీమీటర్లు దాటడం మామూలే. ఇసుకలోకి నీరు గంటకు 30 మిల్లీమీటర్ల కన్నా వేగంగా ఇంకుతుంది, బంకమట్టిలో 1 నుంచి 5 మాత్రమే. అందుకే ఇసుకలో కాలువ మొదట్లోనే నీళ్లు ఇంకిపోయి, చివరి మొక్కకు చేరేసరికి మొదటి మొక్కకు అయిదారు రెట్లు ఎక్కువైపోతాయి. నేలలో ఖాళీ 10 మిల్లీమీటర్లకే ఉంది. మిగిలిన 40 వేళ్లు దాటి కిందికి పోతాయి. ఒట్టి నీళ్లే పోతే అంత బాధ లేదు, వేసిన యూరియా కూడా వాటి వెంట పోతుంది. ఇసుక తన ఘనపరిమాణంలో 12 శాతం నీటిని పట్టి ఉంచుతుందనుకుంటే, ఆ అదనపు 40 మిల్లీమీటర్లు నీటిలో కరిగిన నత్రజనిని 33 సెంటీమీటర్ల కిందికి తోసేస్తాయి. ఉల్లి వేరుకు అది అందని లోతు. కొద్ది రోజుల్లో ఆకు పసుపెక్కుతుంది. రైతు నీళ్లు చాలలేదనుకుని మళ్లీ పారిస్తాడు, ఉన్న కాస్త ఎరువూ దిగిపోతుంది. ఇసుక నేలల్లో నేను ఎక్కువగా చూసిన నష్టం ఇదే. బెట్ట వల్ల పోయిన పంట కన్నా, భయంతో పెట్టిన పెద్ద తడి వల్ల చిక్కిపోయిన పంటే ఎక్కువ. యూరియాను రెండు దఫాలుగా కాక ఏడెనిమిది చిన్న దఫాలుగా ఇవ్వమనేది కూడా ఇందుకే.

డ్రిప్ వేసుకున్నంత మాత్రాన ఈ చిక్కు పోదు. బంకమట్టిలో చుక్క పక్కలకు పాకుతుంది, ఇసుకలో నిలువుగా ముల్లంగిలా దిగుతుంది. అందుకే ఇసుకలో డ్రిప్పర్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు మించకూడదు. లైన్ల మధ్య 1.2 మీటర్లు ఉంటే ఒక్కో డ్రిప్పరు కింద 0.36 చదరపు మీటరు వస్తుంది, దానికి రోజుకు 2 లీటర్ల పైన కావాలి. గంటకు 2 లీటర్లు ఇచ్చే డ్రిప్పరయితే గంటా అయిదు నిమిషాలు. ఆ గంటను ఒకే దఫాగా నడపకుండా ఇరవై నిమిషాల చొప్పున మూడు సార్లు చేస్తే అవే నీళ్లు, అదే కరెంటు, తడి మాత్రం వేరు దగ్గర నిలుస్తుంది.

దొరువు దగ్గరికి మళ్లీ వద్దాం. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి సాంద్రత 1,000 అయితే సముద్రపు నీటిది 1,025. ఈ చిన్న తేడా నుంచే 19వ శతాబ్దం చివర డచ్ ఇంజనీరు ఘైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బర్గ్ ఒకే సూత్రం తేల్చారు: భూగర్భజలం సముద్రమట్టానికి 1 మీటరు పైన ఉంటే, కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగుంది. తిప్పి చదివితే గుండె గుభేలంటుంది. నీటిమట్టం 10 సెంటీమీటర్లు తగ్గి అలాగే ఉండిపోతే, కింద ఉప్పు 4 మీటర్లు పైకి వస్తుంది. లోతు బోరు వేసి గట్టిగా తోడితే ఉప్పు ఎందుకు ఎగదన్నుతుందో, వెడల్పాటి, లోతు తక్కువ దొరువు ఎందుకు తరాలు నిలిచిందో ఇందులోనే తెలుస్తుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ దొరువునే మెరుగుపరిచింది. రంధ్రాల గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరిచి, పైపొర నీటిని మాత్రమే ఒక బావిలోకి రాబట్టి తోడే పద్ధతి అది. నా దృష్టిలో తీరం రైతుకు ఇంతకన్నా తెలివైన సాధనం లేదు.

నీటి ఉప్పును ఈసీ (విద్యుత్ వాహకత) అంకెతో, మీటరుకు డెసిసీమెన్స్‌లో కొలుస్తారు. దిగుబడి తగ్గకుండా బీన్స్, క్యారట్ 0.7 దాకా, ఉల్లి 0.8, మిరప 1.0, టమాట 1.7 దాకా తట్టుకుంటాయి. ఈసీ 1 ఉన్న నీళ్లు నాలుకకు పెద్దగా ఉప్పగా అనిపించవు. అయినా ప్రతి లీటరులో సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. ఎకరానికి రోజుకు 24,000 లీటర్లు పెడితే 15 కిలోలు, తొంభై రోజుల పంటకు 1,400 కిలోల దాకా చేనులో చేరతాయి. ఇక్కడ ఇసుక గుణమే ఇసుకను కాపాడుతుంది. నీటిని నిలుపుకోలేని నేల ఉప్పునూ నిలుపుకోలేదు. ఒక మంచి వానాకాలం వస్తే చాలు, చాలా మటుకు కడుక్కుపోతుంది. బంకనేలకు ఆ అదృష్టం లేదు.

పశువుల ఎరువు వేస్తే ఇసుక నీళ్లు పట్టుకుంటుందని అందరం చెబుతాం. ఎంత పట్టుకుంటుంది? ప్రపంచవ్యాప్త పరిశోధనలను కలిపి 2018లో మినాస్నీ, మెక్‌బ్రాట్నీ అనే నేల శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. నేలలో సేంద్రియ కర్బనం 1 శాతం పెరిగితే, 10 సెంటీమీటర్ల మట్టిలో మొక్కకు అందే నీరు సగటున 1.16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇసుకలో కొంచెం ఎక్కువే అనుకున్నా, పై 15 సెంటీమీటర్లలో ఎకరానికి 1 శాతం పెంచాలంటే 9 టన్నుల పైన ఒట్టి కర్బనమే కావాలి. మన ఎండలకు అందులో చాలా భాగం ఏడాది తిరక్కుండానే హరించుకుపోతుంది. అందుకని ఎరువు మానమని కాదు. పోషకాలను పట్టి ఉంచడానికి ఇసుకకు అదే దిక్కు. ఒక్క ఏడాది తోలిన నాలుగు ట్రక్కులతో తడుల సంఖ్య తగ్గుతుందని మాత్రం ఆశపడొద్దు. నిల్వ పెంచడానికి పాతవాళ్లు నమ్మింది చెరువు మట్టిని. సెంటీమీటరు మందాన ఎకరానికి పరిస్తే 40 ఘనపు మీటర్లు, 3 ఘనపు మీటర్లు పట్టే ట్రక్కుతో 13 లేదా 14 ట్రిప్పులు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక మట్టిని చల్కా నేలలకు తోలుకున్న రైతులు చేసింది కూడా ఈ పనే. ఆ మట్టిలోని బంక ఎండకు హరించుకుపోదు.

వెంటనే ఫలితం ఇచ్చేది మాత్రం నేల మీద కప్పు. ప్లాస్టిక్ షీటు పరిస్తే నేల నుంచి ఆవిరయ్యేది 50 నుంచి 80 శాతం తగ్గి, తోట మొత్తం వాడకం 10 నుంచి 30 శాతం తగ్గుతుంది. మధ్యస్థంగా 20 అనుకుంటే ఎకరానికి రోజుకు 4,800 లీటర్లు మిగిలినట్టే. షీటు కొనలేనివాళ్లు వరిగడ్డి, వేరుశనగ కట్టె, ఎండాకు, ఏది దొరికితే అది పరుచుకోవచ్చు. అంత ఆదా కాకపోయినా నేల కాలకుండా ఉంటుంది.

ఇవన్నీ మీ చేనుకు అన్వయించుకోవడానికి ఒక బకెట్, ఫోనులో గడియారం చాలు. మోటారు వేసి పైపు కింద 15 లీటర్ల బకెట్ పెట్టండి. 10 సెకన్లలో నిండితే నిమిషానికి 90 లీటర్లు వస్తున్నట్టు. పది సెంట్ల తోటకు ఎండాకాలం కావలసిన 2,400 లీటర్లు 27 నిమిషాల్లో వచ్చేస్తాయి. తడి పెట్టిన రెండు గంటలకు మొక్క పక్కన జానెడు గుంట తీసి చేయి పెట్టి చూడండి. ఇంకా కిందికి కూడా అంతే చెమ్మగా ఉంటే నిమిషాలు తగ్గించండి, జానెడు లోపే పొడిగా తగిలితే పెంచండి. చలికాలంలో ఆ 27 నిమిషాలు 18కి దిగుతాయి. ఎండాకాలంలో వాటిని రెండుగా విడగొట్టండి: పొద్దున పదమూడు, పొద్దుగూకే ముందు పద్నాలుగు.