ద్వీపమునుండి ద్వీపమునకు

నీటికి మొగము వాచిన అనంతపురమువాడు సముద్రమునుగూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి మారిషసునకు పోయిన తెలుగువారి సంతతి నేటికిని అచ్చట నున్నది. ఆ సముద్రము మనకు మఱీ పరాయిది గాదు.

మారిషసు విమానాశ్రయమునుండి పడమటనున్న రెయూనియను దీవికి సుమారు 230 కిలోమీటరులు, ప్రయాణము ముప్పావుగంట. తూర్పుననున్న రోడ్రిగ్సు దీవికి సుమారు 600 కిలోమీటరులు, ప్రయాణము గంటన్నర. గంటకు 500 కిలోమీటరులు పోవు చిన్న విమానమునకు త్రైరాశికము వేసినచో మొదటిదానికి 28, రెండవదానికి 72 నిమిషములు చాలవలెను. మిగిలిన 17, 18 నిమిషములు ఏమైనవి? నేల విడిచి పైకెక్కుటకును, వేగము తగ్గించి దిగుటకును చెల్లిపోయినవి. దూర మెంత స్వల్పమైనను ఈ సుంకము తప్పదు. నా విద్యార్థులలో పలువురు ఇట్టి లెక్కలలోనే తప్పెడివారు.

అంతకంటె ముఖ్యమైనది ఇంధనము. రోడ్రిగ్సులో విమానాశ్రయ మొక్కటియే. వాతావరణము చెడి దిగ వీలుగానిచో చుట్టును సముద్రమే; మరల మారిషసునకే రావలయును. కావున తిరుగుదారికి చాలిన ఇంధనముకూడ మోసికొని పోవలసినదే. నా చిన్ననాట, వేసవిలో బావులెండిన పల్లెకు పోవు బండివాడు తన యెడ్లకు రానుపోను నీళ్ళు పీపాలో నింపుకొనియే బయలుదేరెడివాడు.