యల్లాప్రగడ జాడలు ఎక్కడ వెదకాలి?

ఏలూరు: బోదకాలు నివారణకు కొల్లేరు, గోదావరి ప్రాంతాలలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రను ఎరుగని వారు అరుదు. ఆ మందును వెలుగులోకి తెచ్చిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. అయితే ఆయన గురించి వ్రాయదలచిన వారికి ఏలూరు కచేరీ దస్త్రాలలో దొరికేది స్వల్పం. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో. అప్పటికే ఆయన బోస్టన్‌లో ఉన్నారు.

చదువు నాటి జాడలకు రాజమండ్రి, మద్రాసు వైద్య కళాశాల చూడాలి. పరిశోధనలకు హార్వర్డు, 1940 నుంచి 1948లో కన్నుమూసే వరకు పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రపు లెడర్లీ ప్రయోగశాల ముఖ్యం. భాస్వరాన్ని కొలిచే పద్ధతిపై ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన వ్యాసాన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువవచ్చును.

అచ్చయిన వ్యాసాలతోనే కథ ముగియదు. సుబ్బారావు కనుగొన్న కొన్ని విషయాలను ఫిస్కే వెలుగు చూడనీయలేదని, వాటిని ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని హార్వర్డులో ఆయన సహచరుడు, 1988 నోబెల్ గ్రహీత జార్జి హిచింగ్స్ చెప్పారు. అందుకే ఉత్తరాలకు, తోటివారి మాటలకు అంత విలువ. 1987లో వెలువడిన ఎస్.పి.కె. గుప్తా జీవితచరిత్ర ఈ అన్వేషణకు మంచి ప్రారంభం.

ఆయనకు సంబంధించిన పాత ఉత్తరమో, ఫోటోయో ఈ ప్రాంతంలో ఎవరింటి పెట్టెలోనైనా ఉంటే, చెదలు పట్టకముందే నకలు తీయించి గ్రంథాలయానికి అందజేయడం మేలు.