గవ్వల్లో దాగిన లెక్క



"మా అమ్మాయికి లెక్కలు రావండీ, అన్నీ నా పోలికే!" అని ఇంటికొచ్చిన వాళ్లందరితో అనేదాన్ని. పిల్ల అక్కడే నిలబడి వినేది. ఆ మాట ఎంత తప్పో తెలియజెప్పింది ఓ మధ్యాహ్నం మేమిద్దరం వేసుకున్న అష్టాచెమ్మా.

ఈ ఆట మీకు తెలిసిందే. 25 గళ్లు, నాలుగు గవ్వలు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు జరపాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది.

ఆ రోజు దాని కాయ నా కాయకు రెండు గళ్ల ముందుంది. నాకు సరిగ్గా రెండు పడితే అది చచ్చినట్టే. దానికి రెండు పడింది. పండబోయే కాయ ఇంకొకటి ఉన్నా దాన్ని వదిలేసి, ఈ కాయనే జరిపి నాలుగో గడిలో పెట్టింది. "ఎందుకే?" అన్నాను. "నీకు రెండు మాటిమాటికీ పడుతుందమ్మా. నాలుగు ఎప్పుడో గానీ పడదు" అంది.

నిజమేనా అని కాగితం తీసుకు కూర్చున్నాను. ఒక్కో గవ్వ పడేది రెండు విధాలే. అంచేత నాలుగు గవ్వలు కలిసి పడే విధాలు 16. వాటిలో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. చెమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. గవ్వ వంపును బట్టి కాస్త అటూ ఇటూ కావచ్చు గానీ, రెండుకు ఆరు దారులుంటే చెమ్మాకు ఒక్కటే దారి!

1, 4, 6, 4, 1. ఈ వరస కొత్తదేం కాదు. బళ్లో గురువులూ లఘువులూ గుర్తించాం గదా! నాలుగక్షరాల్లో గురువులు ఎన్నెన్ని విధాల రావచ్చో చెప్పేదీ ఇదే. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు దీన్ని మేరు ప్రస్తారంగా వివరించాడు. గురువంటే వెల్లకిలా గవ్వ, లఘువంటే బోర్లా గవ్వ అనుకోండి, రెండు లెక్కలూ ఒకటే.

మా అమ్మాయికి ఈ పేర్లేవీ తెలియవు. అయినా ఏ గడిలో ప్రమాదం ఎక్కువో బేరీజు వేసుకుంది. అది లెక్క కాక మరేమిటి? గుణకారంలో తప్పు పోయినంత మాత్రాన పిల్లకు బుర్ర లేదనుకోకూడదు. ఈసారి ఆటకు కూర్చున్నప్పుడు "ఈ కాయే ఎందుకు జరిపావు?" అని మీ పిల్లల్ని అడిగి, ఓపిగ్గా వినండి.

నేను మాత్రం ఆ పాత మాట అనడం మానేశాను.