పాల చక్కెర - జన్యువుల పాత్ర

అనకాపల్లి అనగానే మనకు బెల్లము జ్ఞప్తికి వచ్చును. ఆ బెల్లమును బడిపిల్లవాడు మొదలు పండు ముదుసలి వరకు తిని అరిగించుకొనగలరు. కాని అదే ఇంటిలో గ్లాసెడు పాలు త్రాగినంతనే కొందరికి కడుపుబ్బరము, విరేచనములు కలుగుచుండును. రెండింటిలోను ఉన్నది చక్కెరయే గదా! ఈ భేదమునకు కారణమేమి?

బెల్లములోని ముఖ్యమైన చక్కెర సుక్రోజు; పాలలోనిది లాక్టోజు. ఇవి రెండును జంట చక్కెరలు. వీనిని విడగొట్టిన గాని ప్రేగు పీల్చుకొనజాలదు. సుక్రోజును విడగొట్టు ఎంజైము దాదాపు అందరిలోను జీవితాంతము తయారగుచుండును. లాక్టోజును విడగొట్టు లాక్టేజు సంగతి వేరు. తల్లిపాలు మానిన పిమ్మట దీని ఉత్పత్తి క్రమముగా తగ్గుట క్షీరదములలో సామాన్యము. అప్పుడు అరుగని లాక్టోజు పెద్దప్రేగును చేరును. అచ్చటి బాక్టీరియాలు దానిని పులియబెట్టి వాయువులను పుట్టించును.

మరి కొందరు పెద్దవారు పాలను సులువుగా ఎట్లు అరిగించుకొనుచున్నారు? లాక్టేజు జన్యువు మన 2వ క్రోమోసోముపై అందరిలోను ఉన్నది. దాని పనిని నియంత్రించు మీట వంటి భాగము మాత్రము సుమారు 14,000 డి.ఎన్.ఏ. అక్షరముల దూరమున, పొరుగు జన్యువులో నున్నది. అచ్చట 'సి' అను అక్షరమునకు బదులు 'టి' ఉన్నవారిలో లాక్టేజు ఉత్పత్తి పెద్దయైనను కొనసాగును. తలిదండ్రులలో ఏ ఒక్కరినుండి ఈ మార్పు సంక్రమించినను చాలును. ఫిన్లాండు శాస్త్రజ్ఞులు దీనిని 2002లో ప్రకటించిరి.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కూడ పాల్గొన్న ఒక పరిశోధన 2012లో వెలువడినది. ఐరోపావారిలో కనిపించు మార్పే భారతీయులలోను ఉన్నదనియు, అది వాయవ్యమున హెచ్చుగా నుండి, దక్షిణమునకు, తూర్పునకు పోనుపోను తగ్గుచున్నదనియు అందు తేలినది. కావున మన ప్రాంతమున పాలు పడని పెద్దలుండుట వింత కాదు.

పాలు పడని విద్యార్థిని బలహీనుడనుట తగదు. ఇది వ్యాధి కాదు, వంశానుగతమైన లక్షణము. విరేచనముల వ్యాధి తరువాత కొన్నాళ్లు లాక్టేజు తగ్గుట కూడ కలదు, అది తాత్కాలికము. ఈ నెపముతో పసిబిడ్డకు తల్లిపాలు మాన్పరాదు. పెద్దవారు సైతము పాడిని పూర్తిగా విడువనక్కరలేదు. లాక్టేజు తక్కువగా నున్నవారిలో పలువురు కొద్దిపాటి పాలను, ముఖ్యముగా భోజనముతో, తట్టుకొనగలరు. పెరుగు మరింత అనుకూలము. తోడులోని బాక్టీరియాలు కొంత లాక్టోజును ముందే విడగొట్టి, తక్కినది ప్రేగులో అరుగుటకును తోడ్పడును. కాల్షియము కొరకు మన చోడి అంబలి ఉండనే యున్నది.